మహామారి యనంతరమున షేక్స్పియరు

2020వ సంవత్సరమునఁ గోవిడువ్యాధిచే జనులు గృహములందు నిర్బంధింపఁబడియుండఁగా, షేక్స్పియరు మహాకవి యిట్టి నిర్బంధమునందే 'కింగ్ లియరు' నాటకమును రచించెనను మాట దేశదేశములఁ బ్రచారమునకు వచ్చెను. ఏకాంతవాసము కవికి వరమనియు, మూసిన తలుపుల వెనుకనే మహాకృతులు జనించుననియు దాని తాత్పర్యము. 1606లో ఆ నాటకము రాజసన్నిధినిఁ బ్రదర్శింపఁబడుటయు, ఆ యేట లండనునగరమున మహామారి యుండుటయు సత్యములే. కాని మహామారి యాతని జీవితగతిని మార్చిన విధ మెఱుఁగఁగోరువారు, నాటకశాలలు మూయఁబడిన దినములకంటె నవి మరలఁ దెఱవఁబడిన 1594వ సంవత్సరమును బరిశీలింపవలసియున్నది.

1592 జూనులో సదర్కు ప్రాంతమున జరిగిన యొక యల్లరి కారణముగా రాణిగారి మంత్రాలోచనసభవారు నాటకశాలలను మూయించిరి. ఆ గడువు ముగియు లోపలనే మహామారి ప్రబలెను. సంవత్సరాంతమునఁ గొన్నివారములు మాత్రము ప్రదర్శనములు సాగెను. 1593 జనవరి 28వ తేదీని, లండనునకు 7 మైళ్లలోపల నాటకాదులకై జనులు గుమిగూడరాదని సభవా రాజ్ఞాపించిరి. దేవాలయములందలి ప్రార్థనలకును ధర్మోపదేశములకును మాత్రము మినహాయింపు గలదు. ఆ యేట లండనులో మహామారివాతఁ బడినవారు 10,000 మందికి మించిరి.

ఆ నిషేధము నటులకుఁ బ్రాణాంతకమయ్యెను. పెంబ్రోకు ప్రభువు నాశ్రయించిన బృందము దేశాటనమునకుఁ బోయి, రాఁబడి ప్రయాణవ్యయమునకైనఁ జాలక మరలివచ్చి, వేషభూషలను దాకట్టు పెట్టవలసివచ్చెనని, 'రోజ్' నాటకశాలాధిపతి ఫిలిప్పు హెన్స్లో 1593 సెప్టెంబరులో ఎడ్వర్డు ఆలెను అను ప్రసిద్ధనటునకు వ్రాసిన లేఖవలనఁ దెలియుచున్నది.

ఇట్టి దినములలో షేక్స్పియరు కావ్యరచనకుఁ బూనెను. 1593 ఏప్రిలులో ముద్రణార్థము నమోదైన 'వీనస్ అండ్ అడోనిస్' 1,194 పంక్తుల కావ్యము. దానిని ముద్రించిన రిచర్డు ఫీల్డు కవిజన్మస్థలమగు స్ట్రాట్ఫర్డు వాఁడే. కృతిపతి సౌతాంప్టను ప్రభువు. అప్పటికి 20 ఏండ్లు నిండని యువకుఁడు. మన ప్రబంధకవులవలెనే యీతఁడును గృతిపతిని వినయముతో సంబోధించి, తీఱిక వేళల నెల్ల వినియోగించి యింతకంటె గంభీరమగు కృతి నర్పింతునని మాట యిచ్చెను. 1594 మే నెలలో నమోదైన 1,855 పంక్తుల 'ల్యూక్రీసు' కావ్యముతో నా మాటఁ జెల్లించెను. షేక్స్పియరు పేరుతో నచ్చైన మొదటి గ్రంథములు ఈ రెండే. ఆ యేఁడే యచ్చైన 'టైటస్ ఆండ్రోనికస్' నాటకముపైఁ గవినామమే లేదు. కావ్యము కీర్తిప్రదము, నాటకము నటుల సొత్తు. ఇది యానాఁటి లోకరీతి.

కావున నాటకశాలలు తెఱవఁబడునాఁటికిఁ గవి యెదుట రెండు త్రోవలుండెను. ఒకటి ప్రభువుల యాశ్రయము, రెండవది రంగస్థలము. రంగస్థలముపై నమ్మకము లేదు. 1593 డిసెంబరు తుదిని 'రోజ్' తెఱవఁబడి, జనవరిలో 'టైటస్' ప్రదర్శింపఁబడెను. ఫిబ్రవరిలో మరల నిషేధము కలిగెను. జూనునాఁటికిఁ గాని నిలుకడ చిక్కలేదు. ఇంతలో నాటకకర్తలలో రాబర్టు గ్రీను 1592లో మరణించెను. క్రిస్టఫరు మార్లో 1593 మేలోఁ గత్తిపోటునకు బలియయ్యెను. టామసు కిడ్డు 1594లోఁ గాలధర్మము నొందెను.

అట్టి యనిశ్చితిలో షేక్స్పియరు రెండవ త్రోవనే పట్టెను. 1594లో లార్డు చేంబర్లేనగు హెన్రీ కేరీ యాశ్రయమున నూతనబృందము వెలసెను. ఆ యేటి క్రిస్మసు దినములలో రాణియెదుట నాడిన రెండు నాటకములకుఁ గాను, 1595 మార్చిలో విలియము కెంపు, షేక్స్పియరు, రిచర్డు బర్బేజి యను మువ్వురి పేర 20 పౌనులు చెల్లింపఁబడినట్లు రాజకోశపు లెక్కలు చెప్పుచున్నవి. నటబృందముతో నాతని పేరును జోడించు తొలి లిఖితాధార మిదియే. ఆ క్రిస్మసుననే, 1594 డిసెంబరు 28వ తేదీని, గ్రేస్ ఇన్ అను న్యాయవిద్యాలయమున 'కామెడీ ఆఫ్ ఎఱ్ఱర్సు' ప్రదర్శితమయ్యెను; కందుకూరి వీరేశలింగముపంతులుగారు 'చమత్కార రత్నావళి'గాఁ దెనిఁగించిన దీ నాటకమునే.

ప్రభువు యీవి చాలకపోవుటచేతనే కవి మరలివచ్చెనని కొందఱనవచ్చును. అంతమాత్రమే యైనచోఁ గృతిపతులను మార్చియైనఁ గావ్యరచన సాగించియుండును. 'ల్యూక్రీసు' తరువాత నాతఁడు స్వయముగా నంకితము వ్రాసి ప్రకటించిన గ్రంథ మొక్కటియు లేదు. పెంబ్రోకు బృందముయొక్క దుర్దశ గాంచినవాఁడు, బృందము నిలిచినఁగాని కవి నిలువఁజాలఁడని గ్రహించియుండునని తోఁచుచున్నది. 1603లో మహామారి మరల నాటకశాలలను మూయించినప్పు డాతని బృందము చెదరలేదు. 1604 ఫిబ్రవరిలో జేమ్సు రాజు దాని పోషణకు 30 పౌనులిచ్చెను.

మూసిన తలుపు లేమి చేయునో యాతఁడు మఱవలేదనుటకు 1597లో ముద్రితమైన 'రోమియో అండ్ జూలియట్' సాక్షి. మహామారి సోఁకెనని శంకించి సన్న్యాసి నొక యింట నిర్బంధించుటచేత లేఖ రోమియోకుఁ జేరదు. ప్రేమికు లిరువురును నశింతురు. పూర్వకథయందును ఈ ఘట్టము కలదు; దాని నాతఁడు వదలలేదు. ఏకాంతము వరమని లోకము చెప్పుచున్నను, ఆతని నాటకమునందు మాత్రము మూసిన తలుపు మృత్యుహేతువే యైనది.