బీదరు సీమలో శిశుజాగరణము

పసిబిడ్డ యేడ్చిన రాత్రి యింట మేలుకొనవలసినవా రెవరు? ఈ ప్రశ్నము గృహకృత్యమునకు సంబంధించినదిగా తోచును గాని, దీనికిని చరిత్ర కలదు. బీదరు సీమకు సంబంధించిన తెలుగు వాఙ్మయమున దీనికొక ప్రాచీనాధారము కానవచ్చుచున్నది.

నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము పూర్వము చాళుక్యుల రాజధాని. 12వ శతాబ్దిలో బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున నుండి శివభక్తిని వ్యాపింపజేసిన దిచ్చటనే. ఆ మహనీయుని చరిత్రమును పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదకావ్యముగా రచించెను. 1369లో భీమకవి దానిని కన్నడీకరించెను. అందలి బెజ్జమహాదేవి కథ యిచ్చట స్మరింపదగినది. శివునకు తల్లి లేదుగదా యని యామె జాలిగొని, తానే తల్లియై, నీళ్లుపోసి, పాలిచ్చి, నిద్రపుచ్చెను. బిడ్డ పాలు ముట్టకున్న తల్లడిల్లెను. ఆమె యా బిడ్డను కన్నది కాదు. తల్లితనము ప్రసవముచేతనే గాక పరిచర్యచేతను సిద్ధించునని యీ కథవలన తెలియుచున్నది.

లోకాచార మింత విశాలము గాదు. తొలికాన్పు పుట్టింట జరుగుట తెలుగువారి వాడుక. పురిటి రాత్రులలో బాలెంతకు తోడు తల్లియు, అమ్మమ్మయు. తండ్రి చుట్టమువలె వచ్చి చూచి పోవువాడు. బీదరున తెలుగువారి జోల, కన్నడిగుల జోగుళ, మరాఠీవారి అంగాయి, ఉర్దూవారి లోరీ యిరుగుపొరుగున వినవచ్చినను, పాడు గొంతుక ప్రాయికముగా స్త్రీదే.

ఆ తోడు లేక, పనికి పోక తప్పని తల్లుల గతి దుర్భరము. భారతదేశమున పలుతావుల పసివారికి నల్లమందు పెట్టి నిద్రపుచ్చెడివారు. 1893–95 నాటి నల్లమందు రాయల్ కమిషను ఎదుట దీనిని గూర్చి సాక్ష్యములు నమోదైనవి. ఒంటరి జాగరణమునకు బిడ్డలు చెల్లించిన మూల్య మది.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభక్తమై బీదరు మైసూరున చేరెను. జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు మెదకు జిల్లాకు పోయెను. జహీరాబాదునుండి బీదరు వచ్చిన కోడలికి పుట్టినిల్లు పరరాష్ట్రమయ్యెను. రాకపోకలు నిలువలేదు. కాని ఉద్యోగములవలన కాపురములు చిన్నవైన కొలది, నడిరేయి యింట నుండువారు భార్యాభర్తలిరువురే యగుచున్నారు.

నవజాతశిశువు కడుపు చిన్నది. పాలు త్వరగా జీర్ణమగును. కావున రెండు మూడు గంటల కొకసారి లేచును. తొలి రెండు మూడు మాసములు రేయింబవళ్ల భేదము సరిగా నెరుగదు. ఇది బిడ్డ మొండితనము గాదు, తల్లి లోపమును గాదు. ఆరు మాసములవరకు తల్లిపాలే ఆహారమని వైద్యులు చెప్పుదురు. చన్నిచ్చుట తల్లికే సాధ్యము. కాని బిడ్డను తెచ్చి యందించుట, భుజమున వేసికొని త్రేనుపు తెప్పించుట, తడిగుడ్డలు మార్చుట, ఊయల నూచుట తండ్రి చేయదగిన పనులే.

1961 నాటి ప్రసూతి చట్టము తల్లికి 12 వారముల సెలవిచ్చెను. 2017 సవరణ దానిని మొదటి యిద్దరు బిడ్డల విషయమున 26 వారములు చేసెను. కేంద్రప్రభుత్వోద్యోగియైన తండ్రికి లభించునది 15 దినములే. చట్టమును రాత్రిభారమును తల్లిపైననే యుంచినది.

కనని బిడ్డకు బెజ్జమహాదేవి తల్లి కాగలిగెను. కన్నబిడ్డకై తండ్రి రాత్రి రెండు జాములు మేలుకొనుట యాచారవిరుద్ధ మెట్లగును? బాలెంత కన్నుమూయుటకు దొరకిన యా రెండు జాములే ఆమెకు పథ్యము.