కారు కొనుట, కారు మేపుట

ఎద్దును కొనువాడు వెల నొక్కదానినే చూడడు. సుడి యెట్టిదో, మేత యెంతయో, లాడములు కొట్టువాడు దాపున గలడో లేడో విచారించి గాని సంచి విప్పడు. కారు విషయమునను ఇదియే న్యాయము. మన దేశమున సామాన్యగృహస్థుని కొఱకు వెలసిన రెండు చిన్న కార్ల చరిత్ర యిందుకు సాక్ష్యము. వానిలో నొకటి ముప్పది యేండ్లు బ్రదికెను. అంతకంటె చౌకయైనది పదియేండ్లు నిండకయే అంతరించెను.

1980కి పూర్వము కారనగా ముఖ్యముగా అంబాసిడరు, కానిచో ఫియట్టు. సొమ్ము కట్టినవారు సైతము ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. 1981లో భారత ప్రభుత్వము మారుతీ ఉద్యోగ్ అను సంస్థను స్థాపించెను. మఱుసటి యేడు జపాను దేశపు సుజుకీ సంస్థతో ఒడంబడిక కుదిరెను. 1983 డిసెంబరు 14వ తేదీన ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ మొదటి కారు తాళపుచెవులను ఢిల్లీ వాస్తవ్యులైన హర్పాల్ సింగు గారి చేతికిచ్చిరి. మూడు సిలిండర్ల చిన్న యింజను గల యా బండి వెల యించుమించు 50,000 రూపాయలు. హర్పాల్ సింగు గారు 2010లో కాలము చేయువఱకు దానిని విడువలేదు.

నేనును చేతులు మాఱిన మారుతీ 800 నొకదానిని కొని చాల యేండ్లు నడిపితిని. నలుగురు కూర్చుండు బండియే గాని, పెండ్లికి పోవునపుడు ఆర్గురము సర్దుకొనెడివారము. వెనుక తలుపెత్తి బియ్యపుబస్తా వేసికొనెడివారము. నడిరేయి ఆసుపత్రికి పోవలసిన పొరుగువారికి అదియే ఆధారము. అన్నిటికంటె ముఖ్యమైన దేమనగా, మా మండలకేంద్రమున చింతచెట్టు నీడను పనిచేయు మెకానిక్కు దాని కార్బురేటరును కన్నులు మూసికొని విప్పి, కడిగి, బిగింపగలవాడు. విడిభాగములు చిన్న పట్టణములలోను దొరకెడివి. నా ఖర్చుల పుస్తకమున బండి వెల ఒక్క పంక్తి మాత్రమే; పెట్రోలు, టైర్లు, బ్యాటరీ, బీమా అనువానితో పుటలు నిండినవి. ఆ పుటలలోని మొత్తములు నా రాబడికి లోబడియుండుట చేతనే బండి నా యింట నిలిచెను.

ఇక రెండవది టాటావారి నానో. వానలో ఒకే స్కూటరుపై భార్యాబిడ్డలతో పోవు కుటుంబమును చూచి తనకీ తలంపు కలిగెనని రతన్ టాటా గారు చెప్పిరి. 2008 జనవరి 10వ తేదీన ఢిల్లీలో, లక్ష రూపాయల కారుగా అది లోకమునకు చూపబడెను. దాని కర్మాగారమునకై పశ్చిమ బెంగాలులోని సింగూరున సాగుభూములను ప్రభుత్వము సేకరింపగా పలువురు రైతు లెదురుతిరిగిరి. 2008 అక్టోబరులో సంస్థ గుజరాతులోని సానందునకు తరలెను. 2016లో సుప్రీముకోర్టు ఆ సేకరణ చెల్లదనియు, భూములు తిరిగి యిచ్చివేయవలెననియు తీర్పు చెప్పెను. ఒక యింటికి చౌకయైన వస్తువు మఱియొక యింటి పొలమును కోరుచున్నదేమో విచారించుట గ్రామస్థులమైన మనకు తగును.

నానోలో నలుగురికి చోటుండెను, సామానునకే చిక్కు. 2015 వఱకు దాని వెనుక తలుపు తెఱచుకొనెడిది కాదు. అంతకంటె పెద్ద లోపము "అతి చౌక" యను ముద్ర. మనవాడు తన మొదటి కారును వాకిట నిలుపునది ప్రయాణమునకే కాదు, నలుగురిలో గౌరవమునకును. పేదవాని బండియని పేరుపడినదానిని కొనుటకు పేదవాడే వెనుదీసెను. ఆ ముద్ర పొరపాటని రతన్ టాటా గారే తరువాత నొప్పుకొనిరి. 2018లో దాని తయారీ నిలిచెను. మారుతీ 800 తయారీయు 2014 జనవరిలోనే ముగిసియుండెను. కాని యంతకుముందే అది లక్షలాది యిండ్లకు చేరెను.

కావున పెద్దలారా, మీ కుమారుడు చిన్నకారు కొందమని యడిగినపుడు, వెల యెంతయని గాక ఏటికి మేత యెంతయని యడుగుడు. బాగుచేయువా డెంత దూరమున గలడో కనుగొనుడు. పాతబండి యైనచో, 15 ఏండ్లు నిండిన పిదప రిజిస్ట్రేషను మరల చేయింపవలసియుండునని జ్ఞప్తియందుంచుకొనుడు. లెక్క సరిపోయినచో తప్పక కొనుడు, ఇంటిల్లిపాదికిని మేలు. ఎకరము తాకట్టు పెట్టవలసి వచ్చినచో మాత్రము, మఱి రెండు పంటలు చేతికి వచ్చువఱకు ఆగుమని చెప్పుడు.