కల్లుబండ ఇప్పుడు నీళ్ల కింద ఉంది

కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

నేను డిగ్రీ రెండో సంవత్సరం, హిస్టరీ. హాస్టల్లో ఉంటాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మాది దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డు మీద ఒక చిన్న కొండరెడ్డి గూడెం. 2021లో పోలవరం ముంపు కింద ఖాళీ చేశాం. కరోనా వల్ల అప్పుడు హాస్టల్ మూసేశారు, అందుకే నేనూ ఇంటి దగ్గరే ఉన్నా. సామాన్లు ట్రాక్టర్ ఎక్కించింది నేనే. నాకప్పుడు పదహారేళ్లు.

మొన్న సంక్రాంతి సెలవుల తర్వాత క్లాసులో ఒక పని ఇచ్చారు. మీ ఊరి చరిత్ర రెండు పేజీలు రాసుకురమ్మన్నారు. ఒకడు గుళ్లో శాసనం గురించి రాశాడు. ఇంకొకడు కోట గురించి, ఇంకో అమ్మాయి వాళ్ల ఊరి జమీందారు గురించి రాసింది. నాకు అర పేజీ కూడా రాలేదు. "మా ఊరు ముంపులో పోయింది, అందువల్ల చరిత్ర లేదు" అని రాసి ఇచ్చేశా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. అది అబద్ధం అని నాకు మే నెలలో తెలిసింది.

మే నెలలో మా తాత ఊరు చూడాలన్నాడు. నీళ్లు తగ్గినప్పుడు మా గూడెంలో మెరక వైపు కొంత బయటపడుద్దని చేపలకి వెళ్లే వాళ్లు చెప్పారు. తాత, మా బావ, నేను ముగ్గురం గండిపోశమ్మ గుడి దాటాక పడవెక్కాం.

దిగాక నాకేం అర్థం కాలేదు. అడుగు లోతున ఒండ్రు. మొదలు మాత్రమే మిగిలిన చింతచెట్టు, ఆకు లేదు, కొమ్మ లేదు. బడి గోడ ఒకటి ఉంది, దాని మీద రాసిన ఎక్కాలు సగం కనపడతన్నాయి. నేను పదహారేళ్లు పెరిగిన చోట ఏ వీధి ఎటో తెలియక నిలబడ్డా.

"ఏరా, ఎక్కడ నించున్నావో తెలిసిందా?" అన్నాడు తాత.

"తెలవలేదు తాతా."

"మన వాకిలే. అదిగో, రోలు."

ఒండ్రులో రోలు అంచు అరచెయ్యంత కనపడతా ఉంది.

తాతకి గుర్తులు అక్కర్లేదు. కర్ర తీసుకుని ఒండ్రు మీద గీతలు గీశాడు. ఇది పెద్దకాపు ఇల్లు. ఇది భూదేవి పండక్కి విత్తనాలు తెచ్చి పెట్టే తావు. ఇటు వల్లకాడు. ఇటు జీలుగుల లోయ. అదిగో, అటు లోతులో కల్లుబండ. నేను నోట్‌బుక్కులో రాసుకుంటా పోయా. మొత్తం ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి. అందులో పంతొమ్మిది నేను పుట్టాక ఒక్కసారి కూడా వినలేదు. నేను ఐదో తరగతి నుంచీ హాస్టలే కదా. అంటే నీళ్లు రాకముందే మా ఊరు నాకు సగం పోయింది.

కల్లుబండ సంగతి చెప్తా. దానికి ఆ పేరెందుకని అడిగితే తాత మామూలుగా చెప్పాడు. "మా తాతకి వాళ్ల నాన్న చెప్పేవోడంట. జీలుగు కల్లు గీస్తే పన్ను అడిగేవోళ్లంట. పోలీసులొత్తే కుండలు బండ కింద దాచేవోళ్లు."

ఈ మాట నేను చిన్నప్పుడు విని ఉంటే కథ అనుకునేవాణ్ణి. హాస్టల్‌కి వచ్చాక లైబ్రరీలో రంప తిరుగుబాటు గురించి చదివా. రంప ప్రాంతంలో మన్సబుదారు, ఆయన కింద ముఠాదారులు ఉండేవాళ్లు. మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. 1870ల్లో సర్కారు కొత్త అబ్కారీ పద్ధతి పెట్టి కల్లుగీతని కాంట్రాక్టర్లకి అప్పజెప్పింది. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు కూడా నేరం అయిపోయింది. కొండల్లో ఎండాకాలం కల్లు ఒక్కటే చాలామందికి తిండి, అది తాగుడు సంగతి కాదు. 1879 మార్చిలో తిరుగుబాటు మొదలైంది. రేకపల్లి వైపు పోడు మీద పన్ను పెంచడం, అడవిలో చెట్టు కొట్టొద్దనడం తోడయ్యాయి. అటు గొలుగొండ దాకా పాకింది. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్న దొర లాంటి వాళ్లు ముందు నిలబడ్డారు. అణచడానికి పోలీసులు చాలక సైన్యాన్ని దింపారు. 1880లో ఆ ఇద్దరూ చనిపోయారు.

అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు పట్టుకున్న సంగతి మనందరికీ తెలుసు. దానికి 43 ఏళ్ల ముందే ఇదంతా జరిగింది. మా ఊళ్లో ఎవరూ పుస్తకం చదవలేదు. అయినా ఆ పన్ను సంగతి ఒక బండ పేరులో ఐదారు తరాలు నిలిచింది. శాసనం ఉన్న ఊరి పిల్లాడు దాన్ని చూసి రాశాడు. మాకు కల్లుబండ ఉండేది, నేను అడగలేదు. అంతే తేడా.

ఇంకో విషయం నన్ను ఎక్కువ కదిలించింది. గోదావరి మీద ఇక్కడ పెద్ద ఆనకట్ట కట్టాలని మద్రాసు ప్రభుత్వంలో ఇంజనీరు ఎల్.వెంకటకృష్ణ అయ్యర్ 1941 ప్రాంతంలోనే ప్రతిపాదించాడు. అప్పుడు దాని పేరు రామపాద సాగర్. తర్వాత ముఖ్యమంత్రి అంజయ్య శంకుస్థాపన చేశారు. 2014లో విభజన చట్టంలో జాతీయ ప్రాజెక్టు అయింది. పూర్తిగా నిండితే నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. మా తాత పుట్టింది 1950 ప్రాంతంలో. ఆయన పుట్టకముందే ఈ లోయలో నీళ్లు నిలపాలన్న ఆలోచన కాగితం మీద ఉంది. ఆయనకి మాత్రం ముసలితనంలో తెలిసింది.

అదే రోజుల్లో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త పాపికొండల్లో మన కొండరెడ్ల మధ్య తిరిగి ఒక పుస్తకం రాశాడు. అది 1945లో ఇంగ్లీషులో వచ్చింది. పోడు, పండగలు, కలప వ్యాపారుల అప్పుల్లో మనోళ్లు ఎలా ఇరుక్కున్నారో అందులో ఉంది. అంటే ఒకరు ఇక్కడ ఆనకట్ట గీస్తున్నారు, ఒకరు ఇక్కడి మనుషుల గురించి రాస్తున్నారు. ఇద్దరూ బయటివాళ్లే. మనం రాసింది ఒక్క కాగితం లేదు.

కాగితం లేకపోతే ఏం పోతుందో మా ఇంట్లో చూశాం. పట్టా భూమికి లెక్క కట్టారు. కొండ మీద మా తాత చేసిన పోడుకి పట్టా లేదు. సర్వేకి వచ్చినాయన "ఆధారం ఏదీ?" అన్నాడు. మా తాత "అడవిని అడగండి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పోడు లెక్కలోకి రాలేదు.

ఈమధ్యే 2006 అటవీ హక్కుల చట్టం, దాని కింద 2008లో వచ్చిన నియమాలు చదివా. 13వ నియమం చూడండి. రాతపత్రాలే కాదు, వల్లకాళ్లు, దేవతల తావులు, పాత బావులు కూడా ఆధారమే. హక్కు అడిగే మనిషి కాకుండా వేరే పెద్దవాళ్లు చెప్పిన మాట రాసి పెడితే అదీ ఆధారమే. మా తాత మాట తప్పు కాదు. పక్కింటి ముసలాళ్ల చేత చెప్పించి ఎవరైనా రాసి గ్రామసభలో పెట్టాలి. మా గూడెంలో రాయడం వచ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. నేను నవ్వుతా నించున్నా. ఈ మాట ఇక్కడ రాయడానికి చాలా రోజులు ఆలోచించా.

ఇప్పుడు ఆ వల్లకాడు, దేవత తావు నీళ్ల కిందకి పోయాయి. మిగిలిన ఆధారం మనుషులే. మా గూడెంలో డెబ్బై దాటిన వాళ్లు ఇప్పుడు నలుగురే ఉన్నారు.

ఊరు స్వర్గం అని నేను రాయను. జ్వరమొస్తే డోలీ కట్టేవాళ్లం. మా చిన్నత్త కాన్పుకి పడవ దొరక్క రాత్రంతా ఒడ్డు మీదే ఉంది. కాలనీకి అంబులెన్స్ వస్తుంది, కరెంటు ఉంది. కానీ మా వీధికి పేరు లేదు, ఇళ్లకి నంబర్లే. బావ కొడుక్కి ఐదేళ్లు. వాడికి చెట్టు పేరు మీద ఒక తావు ఉంటుందని తెలియదు.

ఆ ముప్పై ఒక్క పేర్లతో పెద్ద చార్ట్ మీద మ్యాప్ గీశా. తాత పక్కన కూర్చుని రెండు తప్పులు దిద్దించాడు. వాగు నేను తూర్పుకి తిప్పా, అది ఉత్తరం నుంచి వస్తుందంట. మిగతా ముగ్గురు పెద్దవాళ్ల దగ్గరికి కూడా వెళ్లి వాళ్లు చెప్పింది తేదీ వేసి రాసి, వేలిముద్ర పెట్టించా. కాలేజీలో మళ్లీ రెండు పేజీలు రాసిచ్చా. మొత్తం పదకొండు పేజీలైంది.

మన గ్రూపులో కూనవరం, వీఆర్ పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు వాళ్లున్నారు. మీలో కొందరి ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఈ సెలవులకి ఇంటికెళ్తే ఒక పని చేయండి. అమ్మమ్మనో తాతనో కూర్చోబెట్టి ఊళ్లో ప్రతి రేవు, బండ, చెట్టు, వాగు పేరు రాయండి. ఆ పేరు ఎందుకొచ్చిందో అడగండి. పోడు ఎవరిది, ఎప్పటినుంచి చేస్తున్నారో రాయండి. చెప్పినవాళ్ల పేరు, వయసు, తేదీ వేయండి. ఫోన్లో మాట రికార్డు చేయండి, కానీ నోట్‌బుక్కులో కూడా ఉంచండి. ఫోన్లు పోతాయి.

తిరిగొచ్చేటప్పుడు పడవలో తాత ఏం మాట్లాడలేదు. ఒక చోట మాత్రం నీళ్లలోకి చెయ్యి చూపించి "కల్లుబండ" అన్నాడు. పైకి నీళ్లే, ఏమీ కనపడలేదు. పడవ దాని మీదుగానే పోయింది.