పాత ఆయుధములు - కొత్త నీలము

జంషెడ్‌పూరున నివసించు మనకు ఉక్కు కొత్త వస్తువు కాదు. 1912లో ఇచ్చట తొలి ఉక్కు దిమ్మె వెలువడినది మొదలు ఈ యూరి బ్రదుకంతయు దాని చుట్టునే తిరుగుచున్నది. కాని తుప్పునకు వెఱచి ఉక్కు మేనిపై మానవుడు కప్పిన పొరల చరిత్రను తలచువారు తక్కువ.

తుపాకి గొట్టముపై కనబడు నీలము పూసిన రంగు కాదు. ఇనుము ఆమ్లజనితో కలియగా ఏర్పడు పలుచని నల్లని పొర యది. ఎఱ్ఱని తుప్పునకు దాయాదియే. పూర్వము ఉక్కును నిప్పులపై కాచియో, మెల్లగా తుప్పు పట్టించి మరుగు నీట నుంచియో దీనిని సాధించెడివారు. ఇరువదవ శతాబ్దమున కాస్టిక్ సోడా, నైట్రేటు లవణముల వేడి ద్రావణమున ముంచు పద్ధతి వ్యాపించెను. పని సులభమైనది, చిక్కును అచ్చటనే మొదలైనది.

పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల సైనికుల తుపాకి గొట్టములు తెల్లగా తళతళలాడెడివి. వానికి గోధుమవన్నె నిచ్చుట 1815 ప్రాంతమున అమలునకు వచ్చెను. అట్టి తెల్లని గొట్టమునకు పిమ్మటి యజమాని అందము కొఱకు నీలమెక్కించినచో అది వేఱొక కాలపు వస్తువువలె తోచును. ఈ మాఱువేషమును కనిపెట్టుట అసాధ్యము కాదు. తుప్పు తిన్న గుంటల లోపల సైతము నీలము నిండియుండును. చెక్కిన అక్షరముల అంచులు అఱిగియున్నను పైపొర మాత్రము నిన్నటిదివలె మెఱయును. జంటగొట్టముల తుపాకులలో మెత్తని తగరపు మాటున్నచో క్షారద్రావణము దానిని తినివేయును కూడ.

మఱి తొలగించుట యెట్లు? పలుచని ఫాస్ఫారిక్ ఆమ్లము, తుదకు వెనిగరు సైతము, ఈ పొరను కరగించును. ఇంట ఇత్తడి చెంబును చింతపండుతో తోమినంత తేలికగ తోచును గాని, ఆమ్లము పొరతో ఆగదు. అడుగు ఉక్కును కొఱికి బూడిదవన్నె చేయును. గరుకు కాగితముతో రుద్దితిమా, చేసినవాని పేరు, ముద్ర, నగిషీ - ఆ తుపాకి జన్మపత్రిక యంతయు - నీలముతో బాటు పోవును. వస్తువు అరుదైనదైనచో చేయి ముడుచుకొని కూర్చుండుటయే మేలని నా మతము.

మన తెలుగునేలపై ఈ ప్రశ్న మఱింత సూక్ష్మమగును. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగిన ఉక్కు పారశీకము దాక పోయెడిది. దానిని కొనుటకు ఇస్ఫహాను వర్తకుడు వచ్చియుండుటను వాయ్సీ దొర చూచి వ్రాసెను. ఆ వ్యాసము 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. అట్టి ఉక్కుతో చేసిన కత్తులపై నీటి అలలవంటి రేఖలుండును. మెఱుగుపెట్టిన పిదప అన్నభేదివంటి ద్రావణము రాచి వానిని పైకి తెచ్చెడివారు. ఇట్టి కత్తిపై ఎవ్వరో నీలము కప్పినచో దానిని నేర్పుతో తొలగించుట లాభమే. మఱుగుపడిన అలలు మరల కనబడవచ్చును. కాని బంగారు తీగ నద్దిన కోఫ్త్‌గరీ పనిలో పసిడి మెఱయుటకై పనివాడే అడుగు ఉక్కును కాచి నీలమెక్కించును. దానిని తరువాతిదని భ్రమించి కడుగువాడు ఆ శిల్పి పనినే కడిగివేయును.

పొర అన్నంతనే మాలిన్యము కాదనుటకు మన యూరివారు ఎఱిగిన సాక్ష్య మొకటి కలదు. 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించిన ఇచ్చటి జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల, 1960 దశకమున ఢిల్లీ ఇనుపస్తంభమును పరిశీలించినది. ఆ ఇనుములోని అధిక భాస్వరము మూలమున పుట్టిన పలుచని పొరయే దానిని సుమారు పదునాఱు వందల యేండ్లుగా కాపాడుచున్నదని పిమ్మటి పరిశోధకులు తేల్చిరి. సందర్శకులు వీపు ఆనించి చేతులతో చుట్టుటచే క్రిందిభాగమున ఆ పొర అఱిగిపోవుచుండగా, 1997లో స్తంభము చుట్టును కంచె వేసిరి.