చెఱకు గడయు మేధాస్వామ్యమును: బోధన్ సీమ చరిత్ర నుండి ఒక పరిశీలన

ఒక వస్తువును మొదటిసారి నిర్మించుటకు మిక్కిలి వ్యయమై, దాని ప్రతిని తీయుటకు దాదాపు ఏమియు వ్యయము కానిచో, నిర్మాతకు ప్రతిఫల మిచ్చువారెవరు? ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు వ్యాప్తిలోనికి వచ్చిన పిదప అర్థశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను విశేషముగా చర్చించుచున్నారు. ఇది కంప్యూటరుతో పుట్టిన ప్రశ్న యని పలువురి అభిప్రాయము. కాని నిజామాబాదు జిల్లా బోధన్ చెఱకు తోటలలో ఇదే ప్రశ్న అంతకు పూర్వమే వేఱొక రూపమున ఎదురైనదని మా భావన.

రైతు నాటు చెఱకునకు విత్తనము వేఱుగా లేదు. గడను ముచ్చెలుగా నఱికి నాటినచో కణుపునందలి కన్ను మొలకెత్తి తల్లిగడ గుణములనే పొందును. కనుక క్రొత్త రకమును ఒక రైతు ఒక్కమాఱు సంపాదించిన చాలును. మఱుసటి యేడు పొరుగువాడును, కొన్నియేండ్లకు ఊరంతయు దానిని నాటుకొనవచ్చును. రకమును సృష్టించినవానికి రెండవ అమ్మకము దుర్లభము. సాఫ్టువేరు స్థితియు నిట్టిదే. పేటెంటు, కాపీరైటు మున్నగు మేధాసంపత్తి హక్కులతో ప్రతి తీయుటను నిషేధించుట ఈ చిక్కునకు ఒక ఉపాయము. చెఱకు విషయమున మన దేశము చాలకాలము ఆ త్రోవ త్రొక్కలేదు.

1912లో కోయంబత్తూరున చెఱకు ప్రజనన కేంద్రము ఏర్పడెను. సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకటరామన్ గారల కృషివలన సాగుచెఱకును రెల్లుజాతితో సంకరము చేయగా కలిగిన కో.205 రకము 1918లో వెలువడెను. పిమ్మట జావాలో డచ్చివారు పెంపొందించిన పి.ఓ.జె.2878ను కో.290తో సంకరము చేసి కో.419ని సాధించిరి. దక్షిణాపథమున ఇది చాలకాలము ప్రధానమైన రకముగా నుండెను. రైతు ముచ్చెలకు వెల చెల్లించెనే కాని, రకమునకు రాయల్టీ చెల్లింపలేదు.

మఱి వ్యయమును భరించిన దెవరు? మొదట ప్రభుత్వము, ఏండ్ల తరబడి సాగు పరిశోధనను ప్రజాధనముతో నడపెను. రెండవది మిల్లు. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము ఈ సీమకు నీరిచ్చెను. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమయ్యెను. సమీపమున రుద్రూరులో చెఱకు, వరి పరిశోధన కేంద్రము నెలకొనెను. నఱికిన చెఱకు వెంటనే మిల్లునకు చేరనిచో దానిలోని చక్కెర తఱుగును. కావున రైతునకు దగ్గఱి మిల్లే దిక్కు. గడలో చక్కెర శాతము హెచ్చిన కొలదియు మిల్లునకు లాభము. అందుచే మేలైన రకము ఉచితముగా ఊరూర వ్యాపించుట మిల్లునకును హితమే.

సాఫ్టువేరు చరిత్రయు ఈ సూత్రమునే చూపుచున్నది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లినక్సును ఎవరైనను ఉచితముగా పొందవచ్చును. అయినను మఱుసటి యేట దానిపై నూఱుకోట్ల డాలర్లు వెచ్చింతుమని 2000లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించెను. లినక్సుతో నడచు యంత్రములును, తత్సంబంధమైన సేవలును ఆ సంస్థకు ఆదాయము. మిల్లునకు చెఱకు రకమెట్టిదో ఐ.బి.ఎం.కు లినక్సు అట్టిది.

అట్లని అందఱి సొత్తు తనంతట క్షేమముగా నుండునని తలపరాదు. ఈ జిల్లాకు పేరు తెచ్చిన మఱొక పంటయగు పసుపే సాక్ష్యము. పుండ్లు మాన్పుటకు పసుపును వాడు విధానముపై 1995లో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు లభించెను. భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పూర్వగ్రంథ ప్రమాణములు చూపి వాదింపగా, 1997లో ఆ హక్కు నిరాకృతమయ్యెను. ఇంటింట తెలిసిన విషయమునకు సైతము అచ్చులోని ప్రమాణము కావలసివచ్చెను.

2001 నాటి వృక్షరకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము పంటరకమును సృష్టించినవానికి 15 ఏండ్ల హక్కు నిచ్చుచునే, విత్తనమును దాచుకొనుటకు, నాటుటకు, మార్చుకొనుటకు, పంచుటకు, అమ్ముటకు 39వ సెక్షనులో రైతునకు స్వాతంత్ర్యము నుంచినది. బ్రాండు పేరుతో అమ్మరాదని మాత్రము కట్టడి చేసినది. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించిన గ్నూ లైసెన్సు ఇంకొక అడుగు ముందునకు వేసి, ప్రోగ్రామును మార్చి పంచువాడును తన సోర్సు కోడును అందుబాటులో ఉంచవలెనని విధించెను.

ఇంతటితో సమస్య తీఱునా? 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు మాఱిన బోధన్ మిల్లు 2015 డిసెంబరులో మూతపడెను. చట్టము రైతున కిచ్చిన హక్కు చెక్కుచెదరలేదు. రుద్రూరు పరిశోధనయు ఆగలేదు. అయినను పలువురు రైతులు చెఱకును విడిచి వరికి మరలిరి. పంచుకొను స్వేచ్ఛను చట్టము కాపాడగలిగెను గాని, పంచుకొన్న దానికి విలువ కల్పించు పరిశ్రమను కాపాడలేకపోయెను. మేధాసంపత్తిని గూర్చిన చర్చలు హక్కు ఎవరిదను ప్రశ్నతోనే ముగియుచున్నవి. ఉచితముగా లభించు వస్తువును ఆశ్రయించి ఏ వృత్తి, ఏ వ్యాపారము నిలిచియున్నదను ప్రశ్నయు అంత ముఖ్యమైనదే యని బోధన్ చరిత్రవలన మేము గ్రహించుచున్నాము.