గ్రామీణ, చిన్న పట్టణాల ప్రణాళికాకారుల విద్య (తెలంగాణ)

గ్రామాలలోను, చిన్న పట్టణాలలోను భూమి వినియోగము, రహదారులు, నీటి వసతి, మురుగు కాలువలు, బడి, ఆసుపత్రి, సంత, శ్మశానము మొదలైనవి ఎక్కడ ఉండవలెనో ముందుగా ఆలోచించి నిర్ణయించువారిని ప్రణాళికాకారులు అంటారు. వీరికి లభించు చదువు, ఉద్యోగములో ఉండగా పొందు శిక్షణ, తోటి వృత్తివారితో ఏర్పడు పరిచయాలు ఈ వ్యాసము యొక్క విషయము. నగర ప్రణాళికను గురించి తెలుగులో ఎంతో కొంత సమాచారము దొరుకుతుంది. పల్లె ప్రణాళికను గురించి దొరికేది బహు తక్కువ. ఈ రంగములో దేశములోనే ముఖ్యమైన పనులు కొన్ని హైదరాబాదు పరిసరాలలోను, నల్గొండ జిల్లాలోను జరిగినవి.

ఉప్పునుంతల ఉదాహరణ

ఉప్పునుంతల, నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన ఒక మండల కేంద్రము. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరుగు వరకు ఇది మహబూబ్ నగర్ జిల్లాలో ఉండెడిది. దీనికి దగ్గరి పట్టణము అచ్చంపేట. నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, కొల్లాపూర్‌లతో పాటు అచ్చంపేట కూడా ఈ జిల్లాలోని పురపాలక సంఘాలలో ఒకటి.

ఇటువంటి మండలములో ప్రణాళికాకారుడు అను పేరుతో ఎవరూ ఉండరు. ఆ పనిని పంచుకొనువారు పంచాయతీ కార్యదర్శి, మండల పరిషత్ అభివృద్ధి అధికారి, పంచాయతీరాజ్ ఇంజనీరు, తహసీల్దారు. పురపాలక సంఘములోనైతే పట్టణ ప్రణాళికా విభాగపు సిబ్బంది ఉంటారు. గ్రామ కంఠము ఎంతవరకు, చెరువు శిఖము ఎక్కడ నుండి, కొత్త లే-అవుటులో దారి ఎంత వెడల్పు అను ప్రశ్నలు ముందుగా వచ్చేది కార్యదర్శి బల్ల మీదికే. ఆయన చదివినది ఏదో ఒక డిగ్రీ. పటము చదవడము ఆయనకు ఎవరూ నేర్పి ఉండకపోవచ్చును. అందుచేత ఈ శిక్షణ కేవలము ఉద్యోగుల సొంత వ్యవహారము కాదు. శిఖము భూమిలో ప్లాట్లు వేయుటకు ఒకసారి అనుమతి వచ్చినచో ఆ చెరువు ఆయకట్టు రైతులు దానిని తరతరాలుగా అనుభవించవలసి వస్తుంది.

చట్ట నేపథ్యము

1992లో చేసిన 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చినవి. వీటి ప్రకారము పంచాయతీలు ఆర్థికాభివృద్ధి, సామాజిక న్యాయముల కొరకు ప్రణాళికలు తయారు చేయవలెను. పదకొండవ షెడ్యూలులో 29 అంశాలు, పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలు ఉన్నవి. పట్టణ ప్రణాళిక పన్నెండవ షెడ్యూలులో మొట్టమొదటి అంశము. గ్రామాల, పట్టణాల ప్రణాళికలను ఒకచోట చేర్చుటకు 243జెడ్‌డి అధికరణము జిల్లా ప్రణాళికా సంఘాలను నిర్దేశించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇందుకై 2005లో చట్టము చేసినది. బాధ్యత ఈ విధముగా కిందికి దిగినది కాని, దానిని మోయగల మనుషుల తయారీ అంత వేగముగా జరగలేదు.

రాజేంద్రనగర్ సంస్థలు

సమాజ వికాస పథకము 1952లో ప్రారంభమైనది. దాని సిబ్బందికి శిక్షణ ఇచ్చుటకు 1958లో ముస్సోరీలో ఒక కేంద్ర అధ్యయన సంస్థ ఏర్పడినది. 1962లో అది డెహ్రాడూన్ దగ్గరి శిక్షకుల శిక్షణ సంస్థతో కలిసి జాతీయ సమాజ వికాస సంస్థ అయినది. తరువాత ఆ సంస్థ హైదరాబాదులోని రాజేంద్రనగర్‌కు తరలి వచ్చి 1965లో స్వయంప్రతిపత్తి గల సంఘముగా నమోదైనది. 1977లో దీని పేరు జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థగా మారినది. 2013లో పంచాయతీరాజ్ అను మాట కూడా పేరులో చేరినది. ఆవరణలోని గ్రామీణ సాంకేతిక పార్కులో తక్కువ ఖర్చు ఇళ్ళ నమూనాలను చూడవచ్చును.

రాష్ట్ర స్థాయిలో పంచాయతీ సిబ్బందికి, ప్రజా ప్రతినిధులకు శిక్షణ ఇచ్చు సంస్థ కూడా రాజేంద్రనగర్‌లోనే ఉన్నది. పట్టణాల వైపు వచ్చినచో, ఉస్మానియా విశ్వవిద్యాలయములో 1970లో ఏర్పడిన ప్రాంతీయ పట్టణ, పర్యావరణ అధ్యయన కేంద్రము పురపాలక ఉద్యోగులకు తరగతులు నడుపుతూ వచ్చినది.

మిర్యాలగూడ అధ్యయనము

పల్లె ప్రణాళికను శాస్త్రముగా బోధించవచ్చునని చూపిన పనులలో మిర్యాలగూడ తాలూకా అధ్యయనము ముఖ్యమైనది. జాతీయ సమాజ వికాస సంస్థ తరపున లలిత్ కె. సేన్, సుధీర్ వన్మాలి మొదలైనవారు దీనిని చేసి 1971లో పుస్తకముగా ప్రకటించిరి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో ఆ ప్రాంతము అప్పుడే మారుచుండెను.

వీరు మొదట తాలూకాలోని ఏ ఊరిలో ఏ వసతి ఉన్నదో లెక్క తీసిరి. బడి, ఆసుపత్రి, పశు వైద్యశాల, తపాలా కార్యాలయము, ఎరువుల దుకాణము, బ్యాంకు, బస్సు ఇత్యాదులు ఆ లెక్కలోనివి. తరువాత ప్రజలు ఒక్కొక్క పనికి ఏ ఊరికి పోతున్నారో అడిగిరి. ఈ రెండవ ప్రశ్నయే అసలైనది. కాగితము మీద సరిహద్దు ఎక్కడ ఉన్నప్పటికీ రైతు ఎరువుకు ఒక ఊరికి, పెండ్లి బట్టలకు మరొక ఊరికి పోవును. ఈ రెండు లెక్కలను కలిపి చూచినప్పుడు ఊళ్ళు చిన్న కేంద్రాలు, పెద్ద కేంద్రాలు, వాటి మీద ఆధారపడు పల్లెలు అను మెట్లుగా ఏర్పడినవి. ఎక్కడ ఏ వసతి లోపించినదో, దానిని ఏ ఊరిలో పెట్టినచో ఎక్కువ పల్లెలకు అందునో ఈ మెట్లను బట్టి తెలియును. జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో ప్రతిపాదించిన కేంద్ర స్థల సిద్ధాంతము దీనికి మూలము.

ఈ పద్ధతిని గద్వాలకు పొరుగున ఉన్న కర్ణాటకలోని రాయచూరు జిల్లాకు వర్తింపజేసి 1975లో మరొక పుస్తకము తెచ్చిరి. ఇందులో పెద్ద లెక్కల అవసరము లేదు. కాగితము, పెన్సిలు, గ్రామాల పటము, నెల రోజుల ఓపిక ఉన్నచో ఒక మండల సిబ్బంది ఉప్పునుంతలకు కూడా ఇటువంటి పటము గీయవచ్చును. ఏ పనికి అచ్చంపేట, ఏ పనికి కల్వకుర్తి, ఏ పనికి హైదరాబాదు అను మూడు రంగులు వేసినచో చాలా సంగతులు బయటపడును.

పట్టభద్ర విద్య

ఢిల్లీలో 1955లో ఏర్పడిన నగర, గ్రామీణ ప్రణాళికా పాఠశాల 1959లో వాస్తు విభాగముతో కలిసి ప్రణాళికా, వాస్తుకళా పాఠశాల అయినది. ఇదే పేరుతో విజయవాడలో మరొక సంస్థ 2008లో ప్రారంభమైనది. ఇక్కడ ప్రణాళికలో నాలుగు సంవత్సరాల డిగ్రీ కలదు. హైదరాబాదులో, 2008లోనే జె.ఎన్.టి.యు. నుండి వేరుపడిన వాస్తు, లలిత కళల విశ్వవిద్యాలయములో కూడా ఈ చదువు ఉన్నది. పట్టభద్రులలో అధికులు మహానగరాల సంస్థలకు, ప్రైవేటు కన్సల్టెన్సీలకు పోతారు. చిన్న పట్టణములో జీతము తక్కువ, పై అధికారి దూరము, తప్పును సరిదిద్దు తోటివాడు లేడు. ఈ మూడవ కారణమును ఎవరూ అంతగా పట్టించుకోరు.

వృత్తి సంఘాలు, పరస్పర అభ్యాసము

భారత పట్టణ ప్రణాళికాకారుల సంస్థ 1951లో లండన్‌లోని రాయల్ సంస్థ నమూనాలో ఏర్పడినది. ఉద్యోగము చేయుచు చదువుకొనువారి కొరకు అసోసియేట్‌షిప్ పరీక్షను నిర్వహించుట ఈ సంస్థ చేసిన మేలు. హైదరాబాదులో దీనికి ప్రాంతీయ శాఖ ఉన్నది. ఏటా జాతీయ సమావేశము జరుగును. నవంబరు 8న ప్రపంచ పట్టణ ప్రణాళికా దినమును పాటిస్తారు. అమెరికాలోని ప్లానింగ్ అసోసియేషన్‌లో చిన్న పట్టణాలకు, గ్రామీణ ప్రాంతాలకు ప్రత్యేకముగా ఒక విభాగమున్నది. అక్కడ కూడా చిన్న ఊరిలో ఒంటరిగా పనిచేయు ఉద్యోగికి సలహా అడుగుటకు ఒక మనిషి కావలసివచ్చినది.

మన పల్లెలలో ఈ అవసరమును ఎక్కువగా తీర్చుచున్నవి క్షేత్ర సందర్శనలు. వరంగల్లు ప్రాంతములోని గీసుకొండ మండలపు గంగదేవిపల్లి 1994లో వేరు పంచాయతీ అయి, తాగునీటికి, పారిశుద్ధ్యానికి గ్రామస్థుల కమిటీలు వేసుకొని పేరు పొందినది. మహారాష్ట్రలోని హివ్రే బజార్ నీటి పొదుపుతో ప్రసిద్ధి కెక్కినది. ఇట్టి ఊళ్ళకు ఇతర గ్రామాల ప్రతినిధులు, అధికారులు బస్సులలో పోయి చూచి వస్తారు. గంట ఉపన్యాసము కంటె ఆ ఊరి నీటి కమిటీ సభ్యునితో పావుగంట మాట్లాడుట మేలని చెప్పవచ్చును. అయితే చూచి వచ్చినవారు మరల కలుసుకొను ఏర్పాటు లేనిచో ఆ ప్రయాణము ఫొటోలతో ముగియును.

2018 తరువాత

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము 2018లో వచ్చినది. ఆ సంవత్సరమే 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల నియామకానికి ప్రకటన వెలువడినది. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమములో ప్రతి పంచాయతీకి నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామము ఏర్పరచవలెనని నిర్ణయించిరి. అనగా వాటికి స్థలము ఎంచుట, అచ్చమైన ప్రణాళికాకారుని పని, కొత్తగా ఉద్యోగములో చేరిన యువతీయువకుల మీద పడినది.

2020 ఆగస్టులో ప్రభుత్వము అనుమతి లేని లే-అవుట్ల క్రమబద్ధీకరణ పథకమును ప్రకటించగా గ్రామాలు, పట్టణాల నుండి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. అన్ని ప్లాట్లు ఎవరూ చూడకుండ అమ్ముడుపోయినవనుట కష్టము. చూచినవారికి ఆపు చెప్పుటకు తగిన జ్ఞానమో, అధికారమో, అండయో లేకపోయినది. అదే సంవత్సరము కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకములో డ్రోన్లతో గ్రామ నివాస స్థలాల పటాలు తీయుట మొదలైనది. పటము చేతికి వచ్చిన పంచాయతీలో దానిని చదివి గ్రామసభలో అందరికీ తెలియునట్లు వివరించువాడు కావలెను. రాజేంద్రనగర్ శిక్షణలలో ఈ నైపుణ్యమునకు ఎన్ని గంటలు కేటాయింతురో దానిని బట్టి ఆ పటము పనికివచ్చుటయో, బీరువాలో ఉండుటయో జరుగును.