చేపలతో సహా ఇల్లు అమ్మబడును

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మరో ముక్క కూడా చేర్చి ఉంటే బాగుండేది. కట్టేటప్పుడు పోయేది డబ్బే. అమ్మేటప్పుడు మాత్రం మనం ఎలాంటివాళ్ళమో మనకే బయటపడుతుంది.

కొన్నేళ్ళ కిందట పల్లెలోని మా నాన్నగారి ఇల్లు అమ్మకానికి పెట్టాం. మా బావగారు వ్యవహారజ్ఞానం గల మనిషి. ఇల్లంతా కలయజూసి ఒక పథకం వేశారు. గోడలకు సున్నం, అందులో కాస్త నీలిమందు. తలుపులకు రంగు, గడపలకు పసుపు, వాకిట్లో ముగ్గు. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. పండగనాడు మనిషి కొత్తబట్ట కట్టుకోడూ? ఇల్లూ అంతే. చివరికి ఆయన గొంతు తగ్గించి, "కొనేవాళ్ళను కార్తీకంలోనే రమ్మనండి. చైత్రం దాకా ఆగారో, అంతే సంగతులు" అన్నారు.

సంగతేమిటంటే, మా పెరటి నూతిలో కార్తీకంలో నీళ్ళు చేతికందేంత పైకి ఉంటాయి. ఫాల్గుణం దాటిందంటే బొక్కెనకు బురద తగులుతుంది.

ఆ మాట వినగానే నాకు రోము నగరం గుర్తుకు వచ్చింది. నవ్వకండి, కారణం ఉంది.

సిసిరో అనే రోమను రాజకీయవేత్త, మహావక్త, క్రీ.పూ. 44లో ఒక గ్రంథం రాశాడు. ఏథెన్సులో చదువుకుంటున్న కొడుక్కి ధర్మమేదో అధర్మమేదో చెప్పడం కోసం రాసిన పుస్తకమది. అందులో ఇళ్ళ అమ్మకాల గురించి చెప్పిన కథలు చదివితే, మన వీధిలో నిన్న జరిగినట్టే ఉంటాయి.

కానియస్ అనే రోమను పెద్దమనిషి విశ్రాంతి కోసం సిసిలీ ద్వీపంలోని సిరక్యూజ్ పట్నానికి వెళ్ళాడు. స్నేహితులను పిలుచుకుని హాయిగా గడపడానికి అక్కడొక చిన్న తోట కొనుక్కోవాలని ఉందని నలుగురితో అన్నాడు. ఆ మాట పిథియస్ అనే వడ్డీ వ్యాపారి చెవిన పడింది. తన తోట అమ్మకానికి లేదనీ, అయినా సొంత తోటే అనుకుని వాడుకోవచ్చుననీ చెప్పి, మర్నాడు కానియస్‌ను భోజనానికి పిలిచాడు. ఆ వెంటనే జాలర్లను పిలిపించి, రేపు నా తోట ముందే చేపలు పట్టండర్రా అని పురమాయించాడు.

మర్నాడు కానియస్ వచ్చేసరికి షడ్రసోపేతమైన విందు, కళ్ళెదుట పడవల బారు. ఒక్కొక్క జాలరీ వచ్చి తను పట్టిన చేపలు పిథియస్ కాళ్ళ ముందు కుమ్మరిస్తున్నాడు. ఇదేమిటని అతిథి ఆశ్చర్యపోతే, ఊరికి చేపలన్నీ ఇక్కణ్ణుంచే వెళతాయనీ, నీళ్ళకైనా ఈ చోటే గతి అనీ పిథియస్ తాపీగా చెప్పాడట. ఇంకేముంది! కానియస్ అమ్మమని పట్టుబట్టాడు. వాడు కాసేపు బెట్టు చేశాడు. చివరికి అడిగినంతా ఇచ్చి, సామానుతో సహా కొనేశాడు. మర్నాడు స్నేహితులను పిలిచి, తను ముందుగా వచ్చి చూస్తే ఒక్క పడవ లేదు. ఇవాళ జాలర్లకు పండగా అని పక్కింటాయన్ని అడిగాడు. పండగేమీ లేదు, ఇక్కడ ఎవరూ చేపలు పట్టరు, నిన్న ఏమొచ్చిందా అని నేనే వింతపడ్డాను అని ఆయన జవాబు.

కానియస్ మండిపడ్డాడు. ఏం లాభం? ఇలాంటి మోసానికి అప్పటికింకా చట్టంలో మందు లేదు. ఆ మందును తర్వాత సిసిరో మిత్రుడు, ఆక్విలియస్ అనే న్యాయవేత్త తయారుచేశాడు. పైకి ఒకటి చూపించి లోపల మరొకటి చేస్తే అది మోసమేనని ఆయన తేల్చాడు. పైన పటారం, లోన లొటారం అన్నమాట.

చేపల సంగతి సరే. అసలేమీ చూపించకుండా నోరు మూసుకుంటే? ఈ ప్రశ్న మీద సిసిరో ఇద్దరు గ్రీకు తత్త్వవేత్తలను పోటీకి నిలబెట్టాడు. ఒక మంచివాడు ఇల్లు అమ్ముతున్నాడు. ఆ ఇంట్లో ఉంటే జబ్బు చేస్తుంది. ప్రతి పడకగదిలోనూ పాములు తిరుగుతాయి. దూలాలు పుచ్చిపోయాయి. ఇవన్నీ యజమానికి తప్ప ఎవరికీ తెలియవు. చెప్పాలా, అక్కర్లేదా? చెప్పకపోవడం దారి తప్పినవాడికి దారి చూపకపోవడం లాంటిదే అంటాడు శిష్యుడు ఆంటిపేటర్. కొనమని ఎవరు బలవంతపెట్టారయ్యా, జబ్బుల కొంప అమ్ముతున్నానహో అని ఎవరైనా దండోరా వేయించుకుంటారా అంటాడు గురువు డయోజినీస్. గురువుగారి మాట వింటే మా బావగారు కౌగలించుకునేవారు. సిసిరో మాత్రం శిష్యుడి పక్షమే వహించాడు.

న్యాయస్థానంలోనూ అలాంటి తీర్పే వచ్చింది. రోములో శకునాలు చూసే అధికారులు ఉండేవారు. ఒక కొండ మీద క్లాడియస్ అనే ఆయన ఇల్లు ఎత్తుగా ఉండి వారి చూపుకు అడ్డం వస్తోందని, ఆ మేరకు పడగొట్టమని ఆజ్ఞ ఇచ్చారు. ఆయన పడగొట్టలేదు, ఆ ముక్క ఎవరికీ చెప్పకుండా ఇల్లే అమ్మేశాడు. కొన్న కాల్పూర్నియస్‌కూ అదే ఆజ్ఞ వచ్చింది. పాపం, పడగొట్టాడు. తర్వాత అసలు సంగతి తెలిసి దావా వేశాడు. తెలిసి దాచినవాడే నష్టం భరించాలని న్యాయమూర్తి కేటో తీర్పు చెప్పాడు.

నీతులు చెప్పిన సిసిరో కూడా ఇళ్ళ బాధలు పడ్డవాడే. తన దుకాణాలు రెండు కూలిపోయాయనీ, మిగిలినవి బీటలు వారితే అద్దెకున్నవాళ్ళే కాదు, ఎలుకలు కూడా ఖాళీ చేశాయనీ అదే క్రీ.పూ. 44లో స్నేహితుడికి ఉత్తరం రాశాడు.

ఇవన్నీ ఎక్కడో రోములో కదా అనకండి. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చూడండి. ఆస్తిలో ముఖ్యమైన లోపమేదైనా అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో కనిపెట్టడానికి వీల్లేనిదైతే, దాన్ని చెప్పి తీరాలి. దాస్తే మోసం కిందే లెక్క. పాపం, గురువు డయోజినీస్ ఇక్కడా ఓడిపోయాడు.

ఇల్లు ముస్తాబు చేయడాన్ని మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు. అమెరికాలో అదొక వృత్తే అయింది. సియాటిల్ ప్రాంతంలో ఇళ్ళు అమ్మిపెట్టే బార్బ్ ష్వార్ట్జ్ అనే ఆవిడ 1972లో దాన్ని మొదలుపెట్టిందని చెప్పుకుంటారు. నాటకానికి రంగస్థలం సర్దినట్టు ఇంటిని సర్దడమన్నమాట. అక్కర్లేని సామాను తీసేయడం, శుభ్రం చేయడం, వెలుతురు రానివ్వడం. మంచిదే.

మరి ముస్తాబుకూ మోసానికీ గీత ఎక్కడ? నాకు తోచిన కొలత ఇది. సున్నం వేస్తే గోడ తెల్లబడుతుంది. కొన్నవాడికి మర్నాడు కూడా ఆ తెలుపు ఉంటుంది. పిథియస్ చేపలు మర్నాటికి లేవు. మా నూతినీళ్ళు చైత్రానికి ఉండవు. సున్నం ఇంటిదే, చేపలు ఇంటివి కావు.

ఇంతకీ మా ఇల్లు కార్తీకంలోనే చూపించాం. కొనవచ్చిన ఆయన నూతిలోకి తొంగిచూసి, "నీళ్ళు బాగానే ఉన్నాయండీ" అన్నాడు. మా బావగారు ఆకాశం వైపు చూశారు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. "ఇప్పుడు ఉన్నాయండీ. ఫాల్గుణం దాటితే ఉండవు. వీధి చివర నుంచి మోసుకోవాలి" అనేశాను. బావగారు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

ఆయన మాత్రం తొణకలేదు. "తెలుసండీ. వచ్చేటప్పుడే పక్కింటివాళ్ళను అడిగాను" అన్నాడు. అని, ధర తగ్గించే కొన్నాడు.

కానియస్ కూడా పక్కింటాయన్ని ఒక్కరోజు ముందు అడిగి ఉంటే, పిథియస్‌కు ఆ చేపలన్నీ వండుకు తినే పనే మిగిలేది.